కృష్ణ ఆవలి గట్టు ఫార్వర్డు: తులసీదాస్ బలరాముని క్రీడాచరిత్రము

పల్నాటిసీమకు వీరపూజ క్రొత్తది కాదు. కార్తీకమాసపు అమావాస్య వచ్చెననగా కారెంపూడిలో నాగులేటి చెంతనున్న వీరులగుడికి ఆచారవంతులు ఆయుధములను మోసికొని వత్తురు. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము దాయాదుల పగలో పోరాడిన బాలచంద్రుని, కన్నమదాసుని, బ్రహ్మనాయుని పేర్లు ఆ దినములలో ఊరూర మారుమ్రోగును. ఆ మహాయుద్ధమునకు బీజము కోడిపందెమని కథ చెప్పును. తల్లి చాటున పెరుగుచున్న బాలచంద్రుని రణరంగమునకు కదల్చినది బొంగరములాట యని అదే కథ చెప్పును. కావున ఆటకును వీరమునకును గల చుట్టరికమును పల్నాటివారికి వేరుగ బోధింపవలసిన పనిలేదు. అయినను వీరుడు నేలకొరిగిన పిమ్మట గుడి కట్టి కొలుచుట యొక ధర్మము, వీరుడు పుట్టి పెరుగుటకు వలసిన నేలను, గురువును, కూటిని ముందుగనే సమకూర్చుట వేరొక ధర్మము. మొదటి దానియందు మన సీమ ఎవ్వరికిని తీసిపోదు. రెండవ దాని విలువ తెలియవలెనన్నచో కృష్ణానది ఆవలి గట్టున, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటి దశకములలో, ఒక పేదయింటి బాలుడు ఆసియాఖండమున పేరెన్నికగన్న ఫుట్‌బాల్ ఫార్వర్డుగా ఎదిగిన వృత్తాంతమును చదువవలెను.

అతని పేరు తులసీదాస్ బలరామ్. మన పెద్దల వాడుక ననుసరించి ఈ వ్యాసమున బలరాముడని వ్యవహరింతును.

పొందుగల, సత్రశాల రేవులలో నిలిచి చూచిన ఆవలి గట్టు కంటికి ఆనుచునే యుండును. కాని 1948వ సంవత్సరమునకు పూర్వము ఆ నీటికి ఈవల చెన్నపట్టణపు దొరతనము, ఆవల నిజాము ప్రభుత్వము. రెండు గట్లయందును తెలుగే మాటలాడుదురు గాని నాణెము వేరు, న్యాయస్థానము వేరు, బడిలో చెప్పు చదువు వేరు. ఆటయందును ఈ భేదము కనబడెను. ఈవలి గట్టున గురజాల, మాచెర్ల, నరసరావుపేట ప్రాంతములలో చెడుగుడు, బిళ్ళంగోడు, కర్రసాము, కోడిపందెములు, ఎడ్లచేత బండ లాగించు పోటీలు జనుల వినోదములు. ఫుట్‌బాలు కేవలము బంతితో సాధ్యమగునది కాదు. చదునైన మైదానమును, దినదినము సాధన చేయించు శిక్షకుడును, ఆటగానికి జీతమిచ్చి పోషించు సంస్థయు దానికి కావలెను. నాపరాతి పొరల మీద పత్తియు మిరపయు పండించుకొను పల్నాటియందు దండు విడిసిన చోటులు లేవు, వేలకొలది కార్మికులను పోషించు పెద్ద కర్మాగారములు లేవు, జట్టును సాకగల పోలీసు ప్రధాన కార్యాలయము లేదు. 1849లోనే హయ్యరు దొర గురజాలకు వచ్చి క్రైస్తవ మతప్రచారమునకు నెలవు ఏర్పరచెను గాని, కళాశాల చదువు నరసరావుపేట ముంగిటికి వచ్చుటకు మరి నూరేండ్లు పట్టెను. అచ్చటి శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల 1950లో వెలసినది. ఇట్టి సీమలో ఫుట్‌బాలు వేళ్ళూనకపోవుట జనుల దోషము కాదు.

ఆవలి గట్టు కథ వేరు. 1806లో సికిందర్ జాహ్ పేరిట వెలసిన సికిందరాబాదు ఆంగ్లేయుల దండు విడిది. తిరుమలగిరి, బొల్లారము, వాటి చుట్టుపట్లనున్న పల్లెలన్నియు ఆ దండును ఆశ్రయించి బ్రతికినవి. సాయంకాలమున తెల్లసైనికులు బంతి తన్నుచుండగా గట్టుమీద గుమిగూడి చూచిన పల్లెపిల్లలు కొన్నాళ్ళకు తామును తన్నసాగిరి. నగరమున పాఠశాలలు, మొహల్లాల క్లబ్బులు, పోలీసు శాఖ ఆ యాటను స్వీకరించెను. దేశమున ప్రాచీనములైన పోటీలు, అనగా 1888లో సిమ్లాయందు మొదలైన డ్యూరండ్ కప్పు, 1891లో బొంబాయియందు మొదలైన రోవర్స్ కప్పు, మొదట సైనికదళముల కొరకు పుట్టినవే. ఆ కప్పులను దేశీయులు గెలుచుకొను కాలము వచ్చునప్పటికి హైదరాబాదు సిద్ధముగనుండెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును చేజిక్కించుకొనెను. 1950లోను, 1954లోను డ్యూరండ్ కప్పును గెలిచెను. కలకత్తా క్లబ్బుల సంపదగాని, బొంబాయి మిల్లుల ప్రాపుగాని లేని ఒక పోలీసు జట్టు, కానిస్టేబులు జీతములతో బ్రతుకు యువకులను కూర్చుకొని సాధించిన ఈ విజయపరంపర భారత క్రీడాచరిత్రమున మిక్కిలి అరుదైనది.

దీని వెనుకనున్న పురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, నగరములోని పాఠశాలలయందు ఉపాధ్యాయుడుగ జీవించిన ఈయన 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగను, 1950 నుండి సిటీ పోలీసు జట్టునకును భారత జట్టునకును శిక్షకుడుగను పనిచేసెను. బడిపంతులుకు సహజమైన ఓర్పు, పాఠమును మెట్టుమెట్టుగ చెప్పు నేర్పు ఆయన శిక్షణయందు కనబడుచుండెడివి. బంతిని కాలికడ నిలుపుకొని ఒంటరిగ పరుగిడుట నిషేధింపబడిన పోటీలను ఆయన బాలురకు నడిపెను. అందుచేత వారు బంతి అందిన క్షణముననే తోడివానిని వెదకి యందించుట నేర్చిరి. వాటము లేని కాలితోనే ఆడవలయునను నియమముతో వేరొక పోటీ నడిపెను. అందుచేత కుడికాలివాడు ఎడమ కాలిని, ఎడమకాలివాడు కుడికాలిని సానబెట్టుకొనెను. ఇవి వినుటకు చిన్నపిల్లల వినోదములవలె తోచును గాని, 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో భారతజట్టు యుగోస్లేవియా చేతిలో 10–1 తేడాతో పరాజయము పొందినపుడు, పాదరక్షలు లేని కాళ్ళతో, ఒంటరి విన్యాసములతో ఇక లాభము లేదని దేశమునకు తెలియవచ్చెను. రహీము సాహెబు అప్పటికే ఆ పాఠమును హైదరాబాదు వీధులలో చెప్పుచుండెను.

ఆ వీధులకు కొంచెము దూరమున, సికిందరాబాదు చెంత అమ్ముగూడ యను పల్లెలో 1936లో బలరాముడు జన్మించెను. కుటుంబము తమిళులది, దండు పట్టణములలో తెలుగు, తమిళము, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి వినబడుట సామాన్యమగుటచే ఆ బాలుడు వీటి నడుమనే పెరిగెను. ఇంట కలిమి లేదు. కొడుకు చదివి ఉద్యోగము సంపాదింపవలెనని తల్లికి ఆశ. పోలీసులు పారవేసిన పాత బూట్లను చెప్పులు కుట్టువానిచే విప్పించి, ఆ తోలుతో తన పాదములకు సరిపడు ఆటబూట్లను కుట్టించుకొనెనని ఆయన బాల్యమును గూర్చి చెప్పుకొను కథ యొకటి కలదు. హైదరాబాదు మైదానమునకు పోవుటకు కూడ చేత కాసులు లేనందున రహీము సాహెబు బాడుగ సైకిలుకు డబ్బు ఇచ్చెననియు చెప్పుదురు. ఈ రెండు కథలును ఒక్క సత్యమునే సూచించుచున్నవి: ప్రజ్ఞ ఆ బాలునిది, కాని దానిని గడప దాటించినది ఇతరుల చేయి.

దండులోని జట్టులలోను, రైడర్స్ క్లబ్బు పక్షమునను ఆడుచుండిన బలరాముడు రహీము దృష్టిలో పడి హైదరాబాదు రాష్ట్రపు జట్టున చేరెను. రాష్ట్రజట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలు 1956–57లో తిరువనంతపురమున జరుగగా ఫైనలున హైదరాబాదు జట్టు బొంబాయిని 4–1 గోళ్ళతో ఓడించెను. ఆ కాలమున రాష్ట్రముల సరిహద్దులు మారుచుండెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము అవతరించి కృష్ణకు ఇరుదెసలనున్న తెలుగువారు ఏకరాష్ట్ర ప్రజలైరి. పల్నాటి మాచెర్లకు చేరువలో, కృష్ణపై నందికొండ కడ 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసియుండెను. రాష్ట్రమునకు నీరు కూర్చు పని కృష్ణపై ప్రారంభమైన దినములలోనే రాష్ట్రమునకు క్రీడాకీర్తిని కూర్చు పని ఆవలి గట్టున పరాకాష్ఠ నందుకొనుచుండెను.

ఆంధ్రప్రదేశము ఏర్పడిన నెలదినములకే, 1956 డిసెంబరు 1వ తేదీన, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4–2 గోళ్ళతో గెలిచి సెమీఫైనలునకు చేరెను. ఆసియాఖండమునుండి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన మొదటి జట్టు అదియే. సమర్ బెనర్జీ నాయకుడు. నెవిల్ డిసూజా ఆ పోటీలో మూడు గోళ్ళు చేసెను. ఆ బృందమున నూర్ మహమ్మదు, అజీజుద్దీను, అబ్దుల్ లతీఫు, అహమ్మదు హుస్సేను, జుల్ఫికరుద్దీను మొదలగు హైదరాబాదు వారి నడుమ ఇరువది యేండ్ల బలరాముడును ఉండెను. సెమీఫైనలున యుగోస్లేవియాపై భారతజట్టే తొలిగోలు చేసెను గాని, పిమ్మట నిలువలేక 4–1 తేడాతో ఓడెను. కాంస్యము కొరకు జరిగిన పోటీలో బల్గేరియా 3–0 తేడాతో గెలిచెను. స్వదేశమున ఆ కాలపు పోటీలు తొంబది నిమిషములకన్న తక్కువ సేపు ఆడబడుచుండెడివి. కావున ఆట చివరి యంకమున మన యువకుల ఊపిరి చాలకపోవుట పలుమారు సంభవించెను. అయినను నాల్గవ స్థానము నేటివరకును ఒలింపిక్ ఫుట్‌బాలున భారతమునకు దక్కిన అత్యున్నత స్థానము.

ఒలింపిక్స్ ముగిసిన మరుసటి యేడు, అనగా 1957లో, బలరాముడు కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్ క్లబ్బున చేరెను. హైదరాబాదున ఆట నేర్చి కలకత్తాలో పేరు గడించుట అప్పటి ఆటగాండ్రకు పరిపాటి. హైదరాబాదున గురువు, సహచరులు, కానిస్టేబులు ఉద్యోగము దొరకును. కలకత్తాలో లక్షలకొలది అభిమానులు, పత్రికల పొగడ్త, క్లబ్బుల ఆదరము, రైల్వే వంటి సంస్థలలో ఉద్యోగము దొరకును. దేశవిభజనచే తూర్పు బెంగాలునుండి సర్వమును కోల్పోయి వచ్చిన శరణార్థులు ఈస్ట్ బెంగాల్ క్లబ్బును తమ పోయిన ఊరికి మారుగా చూచుకొనిరి. ఆ క్లబ్బు గెలిచిన దినమున వారి బస్తీలలో పండుగ, ఓడిన దినమున పొయ్యి రగులని ఇండ్లు. అట్టి జనుల ఆశలు అమ్ముగూడ బాలుని కాళ్ళమీద నిలిచెను. అతడు వారిని నిరాశపరుపలేదు. 1958లో క్లబ్బు ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచెను, 1960లో డ్యూరండ్ కప్పును మోహన్ బగానుతో సమముగ పంచుకొనెను. 1961లో బలరాముడు నాయకుడు కాగా ఆ క్లబ్బు కలకత్తా లీగును గెలిచెను, షీల్డును మోహన్ బగానుతో పంచుకొనెను. ఆ లీగున 23 గోళ్ళతో అందరికన్న అధికముగ గోళ్ళు చేసినవాడు నాయకుడే. ఈస్ట్ బెంగాల్ పక్షమున ఆయన చేసిన గోళ్ళు మొత్తము 104 అని లెక్క.

గోళ్ళ లెక్క ఫార్వర్డు యోగ్యతను పూర్తిగ తెలుపజాలదు. ఆ కాలమున ముందు వరుసలో ఐదుగురు ఆడెడివారు: ఇరుప్రక్కల ఇద్దరు వింగర్లు, వారికి లోపలివైపున ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డులు, నడుమ సెంటర్ ఫార్వర్డు. ఒక్కొక్కరికి ఒక్కొక్క స్థానము నిర్ణీతము. దానిని విడిచి తిరుగుట తప్పుగ ఎంచబడుచుండెను. 1953లో హంగేరీ జట్టు లండనులో ఇంగ్లండును 6–3 గోళ్ళతో ఓడించినపుడు, సెంటర్ ఫార్వర్డు వెనుకకు జారి ఆడుటచే ప్రత్యర్థి రక్షకులు దిక్కుతోచక నిలిచిపోయిరి; నాటినుండి ఆ కఠిననియమము ప్రపంచమంతట సడలెను. రహీము సాహెబు ఈ మార్పును మనదేశమున ముందుగ గ్రహించినవాడు. నాలుగు, రెండు, నాలుగు వరుసల క్రొత్త వ్యూహమును భారతజట్టునకు పరిచయము చేసినవాడు ఆయనయే యని క్రీడాచరిత్రకారులు చెప్పుదురు. ఇట్టి వ్యూహమునకు వలయు ఆటగాడు ఒక్క స్థానమునకు కట్టుబడరాదు. బలరాముడు సెంటర్ ఫార్వర్డుగ ఆడగలడు, ఇన్‌సైడ్ ఫార్వర్డుగ ఆడగలడు. చునీ గోస్వామి లోపలి ఎడమ స్థానమున స్థిరపడియుండుటచే భారతజట్టున ఎడమ వింగుకు జరిగి ఆడుటకును వెనుదీయలేదు. బంతిని కాలికడ అదుపు చేయుటలో నెమ్మది, దేహమును ఒక దెసకు వంచి రెండవ దెసకు సాగి రక్షకుని మోసగించుటలో చాతుర్యము, తాను గోలు చేయగల స్థితిలోనుండియు తోడివానికి మెరుగైన అవకాశమున్నచో బంతిని అతనికే వదలు నిగ్రహము ఆయన ఆటకు లక్షణములు. నిగ్రహమను గుణము రహీము పెట్టిన ఒంటరిపరుగు లేని పోటీల ఫలమని తలచుట అసంగతము కాదు.

కుడివింగున ప్రదీప్ కుమార్ బెనర్జీ, లోపలి ఎడమన చునీ గోస్వామి, ఎడమవింగున బలరాముడు: ఈ మువ్వురి కలయికను భారత ఫుట్‌బాలు త్రిమూర్తులుగ నేటికిని తలచుకొనుచున్నది. బెనర్జీ వేగమునకును బలమైన షాట్లకును పేరుగాంచెను. గోస్వామి చూడముచ్చటైన విన్యాసములకు నెలవు. వీరిరువురి నడుమ ఆటను కుదుర్చువాడు బలరాముడు. 1958లో టోక్యో ఆసియా క్రీడలలో భారతజట్టు నాల్గవ స్థానము పొందెను. 1959లో మలయా రాజధాని కౌలాలంపురమున మెర్డేకా పోటీలో ద్వితీయ స్థానము పొందెను. ఈ అనుభవముల పిమ్మట 1960లో రోమ్ ఒలింపిక్స్ వచ్చెను.

రోమ్ నగరపు పోటీలలో భారతజట్టునకు దొరికిన విభాగము మిక్కిలి కఠినమైనది. హంగేరీ, ఫ్రాన్సు, పెరూ ప్రత్యర్థులు. హంగేరీ జట్టున ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉండెను. ఏడేండ్ల పిమ్మట ఐరోపాలో ఉత్తమ ఆటగానిగ బంగారుబంతి బహుమానము నందుకొనినవాడు అతడే. అట్టి జట్టుతో భారతము 2–1 తేడాతో మాత్రమే ఓడెను. మన పక్షపు ఆ యొక్క గోలును చేసినవాడు బలరాముడు. ఫ్రాన్సుతో బెనర్జీ చేసిన గోలువలన కొంతసేపు ఆధిక్యము నిలుపుకొని, చివరి నిమిషములలో ఒక గోలు ఇచ్చుకొని 1–1తో సరిపుచ్చుకొనిరి. పెరూతో 3–1 తేడాతో ఓడిరి. అందును మన గోలు బలరామునిదే. ఒక్క పోటీనైన గెలువని ఈ ప్రయాణమును నాటివారు ఓటమిగనే ఎంచిరి. హంగేరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యము గెలిచెను. దానితో సరితూగి ఆడిన భారతజట్టు మరల ఒలింపిక్ ఫుట్‌బాల్ రంగమున అడుగిడలేదు. ఆ మాటను ఇప్పుడు తలచిన 1960 నాటి ఓటమికి గల విలువ తెలియును.

రెండేండ్లకు, 1962లో, జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెలును, తైవానును ఆహ్వానింపని ఇండొనేషియా నిర్ణయమును భారతప్రతినిధి సోంధీ ఆక్షేపించుటచే ఆ దేశపు జనులు మనపై ఆగ్రహించియుండిరి. మన ఆటగాండ్రు మైదానమున అడుగు పెట్టినపుడెల్ల లక్షమంది కేకలతో పరిహసించిరి. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2–0 తేడాతో మనలను ఓడించెను. రహీము సాహెబు అప్పటికే రోగగ్రస్తుడు. థాయ్‌లాండుపై 4–1 తేడాతో గెలిచిన పోటీలో బలరామునిది ఒక గోలు. జపానుపై 2–0 తేడాతో గెలిచిన పోటీలో ఒకటి బెనర్జీది, ఒకటి బలరామునిది. ఈ రెండు విజయములు లేకున్న జట్టు అచ్చటనే వెనుదిరిగియుండెడిది. థాయ్‌లాండుతో ఆడునపుడు తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును రహీము ముందు వరుసకు తెచ్చి ఆడించెను. దక్షిణ వియత్నాముపై సెమీఫైనలున 3–2 గెలుపు. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలున, తొలి పోటీలో తమ్ము నోడించిన దక్షిణ కొరియాపైనే, 2–1 గెలుపు. గోళ్ళు బెనర్జీవి, జర్నైల్‌వి. గోలుకావలి యైన పీటర్ తంగరాజును, యూసుఫ్ ఖానును హైదరాబాదు ఆటలో రాటుదేలినవారే. ఆ మహాజనసమ్మర్దమున మనవారికి జయము కోరినవారు పాకిస్థాను హాకీ ఆటగాండ్రొక్కరే యని ఆ జట్టులోనివారు పిమ్మట చెప్పుకొనుచుండెడివారు.

ఆ యేటనే బలరామునికి అర్జున పురస్కారము లభించెను. ఆ యేటనే బొంబాయి రోవర్స్ కప్పు ఫైనలున ఒక విచిత్రము సంభవించెను. ఒక వంక ఈస్ట్ బెంగాలు, వేరొక వంక, హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు వారసుడైన ఆంధ్రా పోలీసు జట్టు. విజేత తేలకపోవుటచే కప్పును ఇరుజట్లకును పంచియిచ్చిరి. హైదరాబాదు తీర్చిన కళ కలకత్తాకు వలసపోయి తిరిగి హైదరాబాదుతో సమముగ నిలుచుట ఆ సంఘటనలో కాననగును.

1963 ఈ చరిత్రమునకు గొడ్డలిపెట్టు. జూను 11వ తేదీన రహీము సాహెబు ఊపిరితిత్తుల క్యాన్సరుచే కాలధర్మము నొందెను. అదే యేట శిష్యుని ఊపిరితిత్తులకును వ్యాధి సోకెను. రైల్వే జట్టైన బి.ఎన్.ఆర్.కు మారియుండిన బలరాముడు ఇరువదియారు ఇరువదియేడేండ్ల ప్రాయమున, ఫార్వర్డునకు బలమును వివేకమును సమముగ పండు కాలమున, బూట్లు విప్పవలసివచ్చెను. 1955 మొదలు 1963 వరకు ఎనిమిదేండ్లే ఆయన క్రీడాజీవితము. బెనర్జీ పిమ్మట శిక్షకుడై దేశమంతట ప్రఖ్యాతి గాంచెను. గోస్వామి క్రికెట్టులోను రాణించి బెంగాలు రాష్ట్రపు జట్టును రంజీ ట్రోఫీ ఫైనలుకు నడిపెను. బలరాముడు రైల్వే ఉద్యోగములో నుండి బి.ఎన్.ఆర్. జట్టునకు శిక్షణ నిచ్చెను, కలకత్తాలో బాలురను తీర్చెను, పిమ్మట హుగ్లీ తీరమున ఉత్తరపాడలో బ్రహ్మచారిగ ఒంటరిజీవితము గడపెను. గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ వచ్చెను. త్రిమూర్తులలో మూడవవానికి అది రాలేదు. మిగిలిన ఇద్దరును 2020లో నెలన్నర వ్యవధిలో గతింపగా, బలరాముడు 2023 ఫిబ్రవరి 16వ తేదీన కలకత్తాలో తనువు చాలించెను. రహీము జీవితమును గూర్చి మైదాన్ అను హిందీ చలనచిత్రము 2024లో వెలువడినపుడు, అందు తన పాత్రను చూచుటకు ఆయన లేడు.

ఆయన విడిచిపోయిన వారసత్వము ఎట్టిది? 1964లో ఆసియా కప్పున ద్వితీయ స్థానము, 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యము. ఆపై భారతమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాలున పతకము లేదు. మన రాష్ట్రమున ఆంధ్రా పోలీసు జట్టు 1961లో డ్యూరండును, 1963లో రోవర్సును గెలిచెను; 1965–66లో ఆంధ్రప్రదేశము కొల్లమున బెంగాలును ఓడించి సంతోష్ ట్రోఫీని గెలుచుకొనెను. ఆ పేరున రాష్ట్రమునకు దక్కిన సంతోష్ ట్రోఫీ అదియొక్కటే. గురువు గతించిన మూడేండ్లకు వచ్చిన ఈ విజయము ఆయన నాటిన చెట్టునకు కాచిన కడపటి కాపు. తరువాత పోలీసు శాఖ క్రీడాకారులను చేర్చుకొనుట తగ్గెను. నగరము పెరిగి మైదానములు ఇండ్లస్థలములయ్యెను. బాలుర చూపు క్రికెట్టు మీదికి మరలెను. కలకత్తా క్లబ్బుల ప్రతినిధులు క్రొత్త ఆటగాండ్రను వెదకుటకు హైదరాబాదు వచ్చుట మానిరి. ఎవరో ఒకరు ద్రోహము చేసినందున ఆ వైభవము కూలలేదు. దానిని నిలిపిన ఆధారములు ఒకటొకటిగ సడలినందున కూలెను.

ప్రజ్ఞావంతుడు ఎచ్చటనైన పుట్టును, అడవిలోనైనను వెలుగును అని మన పురాణశ్రవణము మనకు అలవరచిన నమ్మకమొకటి కలదు. బలరాముని చరిత్రము దానికి విరుద్ధముగ సాక్ష్యమిచ్చుచున్నది. అమ్ముగూడ వంటి పల్లె పల్నాటియందును నూరు గలవు. తల్లి భయపడు పేదయిల్లు, చెప్పులు లేని కాళ్ళు, బంతి వెనుక పరువెత్తు తహతహ ఇచ్చటను గలవు. ఇచ్చట లేనివి రహీము వంటి బడిపంతులు, అతనికి నీడగ నిలిచిన సంఘము, ఆటగానికి కూడు పెట్టిన పోలీసు శాఖ, బిడ్డలు దినమును గడపగల మైదానము. ఒక్క తరమున ఒక్క నగరమున ఇవి కలిసి వచ్చుటచేత ఆసియాకు ఒక ఛాంపియను జట్టు వెలసెను. అవి విడిపోయినంతనే ఆ ప్రవాహము ఇంకిపోయెను. ఛాంపియనులను కోరు ప్రాంతము మొదట వారికి నేలను, శిక్షకుని, అన్నమును సమకూర్చవలెనన్నది ఈ చరిత్రమున తేలిన తీర్పు.

2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట ప్రధానస్థానముగ పల్నాడు జిల్లా ఏర్పడెను. క్రొత్త జిల్లాకు కార్యాలయములు వచ్చినవి, అధికారులు వచ్చిరి. మాచెర్ల, గురజాల, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, వినుకొండ పాఠశాలల ఆటస్థలములను ఆక్రమణములనుండి కాపాడి, బడికొక వ్యాయామోపాధ్యాయుని నియమించి, ఆటయందు మెరసిన బాలునికి జిల్లాలోని ఏదేని సంస్థ చిన్న కొలువైన చూపునట్లు పెద్దలు పూనుకొందురు గాక. కారెంపూడి వీరులకు ఏటేట జరుపు పూజ జరుగవలసినదే; దానితోపాటు బడిపిల్లల ఆటకు ఏటేట కొంత సొమ్ము కేటాయించుటకు పల్నాటి ధనికులు, పంచాయతీలు సంకల్పింపవలెనని మా మనవి.